కార్టిసాల్ రిపోర్టు నార్మల్ వచ్చింది, మరి నా డిప్రెషన్ అబద్ధమా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. కరీంనగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు. పోయిన దసరా తర్వాత నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది, ఇక నిద్ర పట్టదు. పొద్దున పూట మంచం దిగడమే కష్టం, సాయంత్రానికి కాస్త తేలికపడతాను. ఆరు కిలోలు తగ్గాను. సైకియాట్రిస్టు డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. మూడు నెలలుగా వేసుకుంటున్నాను, సగం వరకు నయమనిపించింది. అమెరికాలో ఉండే మా తమ్ముడు నెట్‌లో చదివి, డిప్రెషన్‌కు హార్మోన్ టెస్టు ఉంది, డెక్సామెథాసోన్ సప్రెషన్ టెస్టు అంటారు, చేయించుకో అక్కా అని డబ్బు పంపాడు. రాత్రి 11కి రెండు చిన్న మాత్రలు వేసుకుని, పొద్దున 8కి ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. కార్టిసాల్ 1.1 వచ్చింది, నార్మల్ అన్నారు. ఇక ఇంట్లో ఒకటే మాట, ‘రిపోర్టుల ఏం లేదు కదా, ఇంకా మందులెందుకు?’ మా అత్తమ్మ మొదటి నుంచీ ఇదంతా పని తప్పించుకోవడానికే అంటుంది. మా ఆయన పైకి అనడు గానీ ఆయనకూ అదే అనుమానం. నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకూ వస్తోంది. వారం నుంచి మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, తల తిరిగినట్టుంటోంది. ఒక్కోసారి, ఇలా ఉండి ఎవరికి లాభం అనిపిస్తుంది. తమ్ముడేమో ఇంకా పెద్ద టెస్టులున్నాయట, అవీ చేయిద్దాం అంటున్నాడు. నాకు డిప్రెషన్ ఉన్నట్టా, లేనట్టా? (పేరు రాయొద్దన్నారు)

సమాధానం: మీ డాక్టరు మిమ్మల్ని కూర్చోబెట్టి చూసి డిప్రెషన్ అన్నారు, మీరు ఉత్తరంలో రాసుకున్న లక్షణాలూ అదే చెబుతున్నాయి. ఆ 1.1 అనే అంకెకు వాటిని కొట్టేసే శక్తి లేదు. ఎందుకు లేదో కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇది మీకు అర్థం కావడం ఒక ఎత్తు, ఇంట్లో వాళ్ళకు మీరు చెప్పగలగడం ఇంకో ఎత్తు.

అంతకంటే ముందు, మీరు చివర్లో అలవోకగా రాసేసిన మాట ఒకటుంది, ‘ఇలా ఉండి ఎవరికి లాభం’ అని. దాన్ని నేను అలవోకగా చదవలేను. ఆ ఆలోచన వచ్చి పోతోందా, లేక చనిపోవాలి అనే దాకా, ఎలా అనే దాకా వెళ్తోందా? రెండోదైతే ఈ సమాధానం మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రాత్రి పూట అయితే 14416కు ఫోన్ చేయండి, అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మొదటిదే అయినా సరే, వచ్చే విజిట్‌లో డాక్టరుకు ఈ మాట ఇలాగే చెప్పాలి. అడిగితే చెబుదాం అని ఊరుకోవద్దు.

రెండో అర్జంటు సంగతి మాత్ర. ఎస్సిటలోప్రామ్‌ను రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించే పద్ధతి కాదమ్మా. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 30 గంటలు పడుతుంది, కాబట్టి మీరు ఒక రోజు మానేసేసరికి మోతాదు బాగా పడిపోతోంది, మర్నాడు మళ్ళీ లేస్తోంది. ఆ తల తిరగడం చాలావరకు దీనివల్లే అయ్యుంటుంది. కొందరికి తలలో చిన్న కరెంటు షాక్ కొట్టినట్టు కూడా ఉంటుంది, ఊరికే చిరాకు వస్తుంది, పిచ్చి పిచ్చి కలలొస్తాయి. అది చూసి జబ్బు ముదిరింది అనుకునేవాళ్ళున్నారు, మందుకు బానిసైపోయాం అనుకునేవాళ్ళూ ఉన్నారు, రెండూ కాదు. మీ డాక్టరుకు ఇవాళే ఫోన్ చేసి, వారంగా ఇలా వేసుకుంటున్నాను, మళ్ళీ రోజూ మొదలుపెట్టనా అని అడగండి. వారమే కాబట్టి చాలావరకు పాత మోతాదునే రోజూ వేసుకోమంటారు.

ఇక టెస్టు సంగతికి వద్దాం.

మన కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులు. కార్టిసాల్ అనే, ఒత్తిడిలో పెరిగే హార్మోన్ తయారయ్యేది అక్కడే. ఎంత తయారుచేయాలో ఆర్డరు పైనుంచి వస్తుంది: మెదడులో హైపోథాలమస్ అనే భాగం నుంచి దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ నుంచి అడ్రినల్‌కు. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉంటే మెదడు అది గమనించి ఆర్డరు తగ్గిస్తుంది. డాబా మీద ట్యాంకు నిండగానే ఫ్లోట్ బాల్ లేచి నీళ్ళు ఆపేస్తుంది చూడండి, అలాంటి ఏర్పాటే. మీరు వేసుకున్న రెండు చిన్న మాత్రలు, ఒక్కోటి అర మిల్లీగ్రాము, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. కరోనా రోజుల్లో ఆ పేరు వినే ఉంటారు, మన ఊళ్ళలో ఆర్‌ఎంపీలు జ్వరానికీ నొప్పులకూ ఎడాపెడా పొడిచే డెక్సా సూది కూడా ఇదే. దాన్ని చూసి మెదడు ‘కార్టిసాల్ బోలెడు ఉంది’ అనుకుని ఆర్డరు ఆపేస్తుంది. మర్నాడు రక్తంలో సొంత కార్టిసాల్ బాగా పడిపోవాలి. అది పడిపోతే అణిగినట్టు, పడకపోతే ఎక్కడో పట్టు తప్పినట్టు. టెస్టు అంటే ఇంతే.

దీన్ని డిప్రెషన్‌కు వాడొచ్చన్న ఆలోచనకు పెద్ద పేరు బెర్నార్డ్ క్యారల్ అనే ఆస్ట్రేలియన్ డాక్టరు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళలో డెక్సామెథాసోన్ ఇచ్చినా కార్టిసాల్ అణగడం లేదని 1968లోనే మెల్‌బోర్న్ నుంచి ఆయన, తోటివాళ్ళు రాశారు. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి, 1981లో పెద్ద వ్యాసం వేశారు. అందులో లెక్క ఇది: అర్ధరాత్రి వేళ 1 మిల్లీగ్రాము మాత్ర, మర్నాడు సాయంత్రం 4కి ఒకసారి, రాత్రి 11కి ఇంకోసారి రక్తం. కార్టిసాల్ 5 మైక్రోగ్రాములు దాటితే తేడా ఉన్నట్టు. మెలాంకోలియా, అంటే డిప్రెషన్‌లో బాగా లోతైన రకం, ఉన్న ప్రతి వందమందిలో 67 మందిని ఈ టెస్టు పట్టుకుందని, ఆ జబ్బు లేనివాళ్ళలో 96 శాతం మందికి సరిగ్గా ‘లేదు’ అని చెప్పిందని రాశారు. డిప్రెషన్‌ను తేల్చే రక్తపరీక్ష అప్పటిదాకా లేదు, కాబట్టి ఎగబడ్డారు. షుగర్‌కు గ్లూకోజ్ టెస్టు ఎలాగో మాకూ ఒకటి దొరికింది అన్నంత సంబరం. 1980ల్లో అమెరికాలో విపరీతంగా చేశారు.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. వేరే ఆస్పత్రుల్లో, వేరే రకం రోగుల్లో చేసి చూస్తే డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఇంచుమించు సగం మందికి టెస్టు నార్మలే వచ్చింది, తేలికపాటి డిప్రెషన్‌లో అయితే ఇంకా ఎక్కువమందికి. ఇంకోవైపు, డిప్రెషన్ లేకపోయినా తేడా చూపించే పరిస్థితులు కుప్పలు తెప్పలు: బాగా తాగే అలవాటు, తాగుడు ఈమధ్యే మానడం, అదుపులో లేని షుగర్, ఒక్కసారిగా బరువు తగ్గడం, గర్భం, మతిమరుపు జబ్బు, ఆస్పత్రిలో చేరిన టెన్షన్. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ లివర్‌ను ఉరికించి డెక్సామెథాసోన్‌ను తొందరగా కరిగించేస్తాయి, దాంతో టెస్టు తప్పుగా వస్తుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే మొత్తం కార్టిసాల్ అంకె పెరిగి కనిపిస్తుంది. 1987లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ టాస్క్‌ఫోర్స్ దీన్నంతా తూచి చూశాక, రోజువారీ వైద్యంలో డిప్రెషన్‌ను తేల్చే టెస్టుగా దీని కథ దాదాపు ముగిసింది. క్యారల్ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. టెస్టు తప్పు కాదు, మీరు ‘డిప్రెషన్’ అన్న ఒక్క గంపలో అన్ని రకాలనూ వేసి కొలిస్తే ఏ టెస్టయినా ఇలాగే ఏడుస్తుంది అన్నది ఆయన వాదన సారాంశం. నా మట్టుకు నాకు ఆయన వాదనలో చాలా నిజం ఉందనిపిస్తుంది. కానీ దానివల్ల మీ రిపోర్టు విలువేమీ పెరగదు, ఎందుకంటే మీకు చేసింది అసలు ఆయన టెస్టు కాదు.

మీరు రక్తం ఇచ్చింది ఎన్నింటికి? పొద్దున 8కి. డిప్రెషన్‌లో తేడా ఉన్నవాళ్ళలో చాలామందికి కూడా పొద్దున కార్టిసాల్ అణిగే ఉంటుంది, మధ్యాహ్నం నుంచి అది పట్టు తప్పించుకుని పైకి లేస్తుంది. అందుకే క్యారల్ సాయంత్రం, రాత్రి రక్తం తీసేవారు. మన దగ్గర రాత్రి 11కి రక్తం తీసే ల్యాబ్ ఎక్కడ తెరిచి ఉంటుంది చెప్పండి! పొద్దున 8కి ఒక్కసారి తీసేది కుషింగ్స్ సిండ్రోమ్ అనే, ఒంట్లో కార్టిసాల్ మరీ ఎక్కువైపోయే వేరే జబ్బు కోసం చేసే పద్ధతి. మీ రిపోర్టు తీసి చూడండి, పక్కన బహుశా 1.8 కంటే తక్కువ ఉండాలి అని రాసి ఉంటుంది. అది కుషింగ్స్ గీత. దాని కింద మీకు 1.1 వచ్చింది అంటే, మీకు ఆ జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ అని అర్థం. ఇది మంచి వార్తే, ఎందుకంటే కుషింగ్స్ ఉన్నవాళ్ళకు డిప్రెషన్ కూడా వస్తుంది. ఆ జబ్బులో ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, తొడల్లో బలం పోయి కింద కూర్చుంటే లేవలేకపోవడం, బీపీ, షుగర్ ఉంటాయి, చాలామంది లావవుతారు కూడా. మీరు ఆరు కిలోలు తగ్గారు, కాబట్టి మీ డాక్టరు దీన్ని అనుమానించకపోవడంలో వింతేమీ లేదు. మీ తమ్ముడి డబ్బుతో తెలిసింది ఇదొక్కటే. మీకు డిప్రెషన్ ఉందా లేదా అన్న ప్రశ్న ఆ ల్యాబ్‌లో ఎవరూ అడగనే లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ టెస్టు మీరు మూడు నెలలు మందు వేసుకున్నాక, సగం నయమయ్యాక చేయించారు. డిప్రెషన్ తగ్గే కొద్దీ ఈ కార్టిసాల్ తేడా కూడా సర్దుకోవడం మామూలే. దసరా అయ్యాక, మూడున్నరకు లేచి గోడ చూస్తూ కూర్చున్న రోజుల్లో చేసి ఉంటే ఏం వచ్చేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అంటే ఇప్పటి నార్మల్ రిపోర్టు చూపించి ‘మందు అనవసరం’ అనేవాళ్ళకు, మందు పనిచేయబట్టే నార్మల్ వచ్చి ఉండొచ్చు కదా అని కూడా అడగొచ్చు. నేనైతే ఆ వాదనా చేయను, ఈ రిపోర్టు ఎటువైపూ సాక్ష్యం చెప్పదు కాబట్టి.

తమ్ముడు చెబుతున్న ‘పెద్ద టెస్టులు’ ఏమై ఉంటాయో ఊహించగలను. ఒకటి టీఆర్‌హెచ్ టెస్టు: థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్‌ను వదలమని మెదడు పిట్యూటరీకి ఆర్డరిచ్చే హార్మోన్‌ను నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, అరగంటకోసారి రక్తం తీసి ఆ టీఎస్‌హెచ్ ఎంత లేచిందో చూడడం. డిప్రెషన్ ఉన్న కొందరిలో అది లేవాల్సినంత లేవదని 1972లోనే చూశారు, కానీ ఇంచుమించు నలుగురిలో ఒకరికే ఆ తేడా కనిపించింది, తాగుడు మానినవాళ్ళలోనూ కనిపించింది. క్లోనిడిన్ అనే బీపీ మందు ఇచ్చి గ్రోత్ హార్మోన్ చూసే టెస్టు ఇంకొకటి, వయసు పెరిగినా, నెలసరిలో ఏ రోజు చేశారన్నదాన్ని బట్టి కూడా అది మారిపోతుంది. ఫెన్‌ఫ్లురమీన్ అనే, బరువు తగ్గించే మందు ఇచ్చి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూసేవారు, గుండె కవాటాలు పాడవుతున్నాయని 1997లో ఆ మందునే మార్కెట్ నుంచి తీసేశారు. వీటన్నిటిలో ఎక్కువ పదునైనది మ్యూనిక్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు తయారుచేసిన డెక్స్-సీఆర్‌హెచ్ టెస్టు. రాత్రి 1.5 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, మర్నాడు మధ్యాహ్నం 3కి సీఆర్‌హెచ్ (హైపోథాలమస్ పిట్యూటరీకి పంపే ఆర్డరు హార్మోన్) ఇంజెక్షన్, తర్వాత గంటా పావు సేపు పదిహేను నిమిషాలకోసారి రక్తం, చేతికి సూది పెట్టుకుని మంచం మీదే పడుకోవాలి. డిప్రెషన్ తగ్గిందనుకున్నాక కూడా ఇందులో తేడా అలాగే ఉన్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని వాళ్ళు చూపించారు. పరిశోధనగా చాలా ఆసక్తికరమైన పని. కానీ తర్వాత వేరేచోట్ల చేసినవాళ్ళకు ఫలితాలు ఒకేలా రాలేదు. ఇవన్నీ జబ్బులో శరీరం ఎలా నడుస్తోందో వందలమందిని కలిపి చూసి అర్థం చేసుకోవడానికి పనికొచ్చేవి. ఒక మనిషి ముందు కూర్చుని ‘మీకు ఉంది’, ‘మీకు లేదు’ అని చెప్పడానికి ఒక్కటీ నిలబడలేదు. లాలాజలం కిట్‌లతో ‘స్ట్రెస్ ప్యానెల్’ అమ్మేవాళ్ళ సంగతి నేను ఇక్కడ రాయను, రాస్తే మాట తూలుతుంది.

మరి చేయించాల్సిన రక్తపరీక్షలు లేవా అంటే ఉన్నాయి, చవకగా దొరికేవే. థైరాయిడ్ టీఎస్‌హెచ్ చేశారా? చేయకపోతే అది తప్పకుండా చేయించండి, థైరాయిడ్ తక్కువైనా అచ్చం డిప్రెషన్ లాగే ఉంటుంది, ఆడవాళ్ళలో అది మరీ ఎక్కువ. హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూడాలి. ఈ మధ్య మోకాళ్ళ నొప్పికో ఆయాసానికో ఎవరైనా స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, మనసును అది రెండు వైపులా ఆడిస్తుంది. కార్టిసాల్ కంటే ఇవి వంద రెట్లు పనికొస్తాయి, వీటిలో తేడా దొరికితే చేయగలిగింది ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు ఇంట్లో వాళ్ళ మాట. ‘రిపోర్టుల ఏం లేదు’ అనేది మా ఓపీలో రోజూ వినే మాటే. ‘మా ఆయన గారికి చెప్పండి’ అని మీరు అడగలేదు గానీ చెబుతాను, ఈ పేరా ఆయనకు చూపించండి. సార్, మైగ్రేన్‌తో తల పగిలిపోతున్న మనిషికి స్కాన్ తీస్తే అదీ నార్మలే వస్తుంది, అయినా మనం ‘నొప్పి లేదు’ అనం. డిప్రెషన్‌ను డాక్టర్లు గుర్తుపట్టేది రక్తంలో కాదు. కనీసం రెండు వారాలు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు కుంగి ఉండడం లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, దానితోపాటు నిద్ర, ఆకలి, బరువు, ఓపిక, ఏకాగ్రత, నేను పనికిరాను అన్న భావన, చావు ఆలోచనలు, వీటిలో ఎన్ని, ఎంత, పనికి ఎంత అడ్డొస్తున్నాయి అని చూస్తారు. మీ భార్య మూడున్నరకు లేవడం, పొద్దున మరీ బాగాలేక సాయంత్రానికి కాస్త తేరుకోవడం, తిండి తగ్గి బరువు పోవడం, ఇవి మేం క్లినిక్‌లో ప్రత్యేకంగా వెతికే గుర్తులు. పని తప్పించుకోవాలనుకునే మనిషి పొద్దున ఎనిమిదికైనా లేవదు, మూడున్నరకు లేచి చీకట్లో కూర్చోదు. రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు ఆమె మేలుకుని ఉంది, అందుకే మీకు కనిపించలేదు. ఒక్కసారి ఆమెతోపాటు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బయట కుర్చీలో కూర్చోకుండా గదిలోకి వెళ్ళి, మీ అనుమానం మీరే అడగండి. మీ అమ్మగారి సంగతి ఆ తర్వాత మీరే చూసుకుంటారు.

మళ్ళీ మీకు. మూడు నెలలకు సగమే నయమైందంటే, ‘ఇంకా ఏ టెస్టు’ అన్న ప్రశ్న పక్కనపెట్టి ‘మిగతా సగం సంగతేంటి’ అని అడగాలి. 10 మిల్లీగ్రాములు చాలామందికి మొదటి మోతాదు. బీపీ, గుండె, వేసుకునే ఇతర మందులు చూసుకుని పెంచడమా, వేరే మందుకు మారడమా, కౌన్సెలింగ్ కలపడమా అన్నది మీ డాక్టరు చెప్పాలి, మీరు అడగాలి. అడగడానికి మొహమాటపడొద్దు. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నింటికి మెలకువ వస్తోంది, క్లాసులో పాఠం చెబుతుంటే మధ్యలో మర్చిపోతున్నానా, పిల్లల హోంవర్క్ చూడగలుగుతున్నానా, ‘ఎవరికి లాభం’ అన్న ఆలోచన వారంలో ఎన్నిసార్లు. ఆ కాగితం ఆయనకు మీ కార్టిసాల్ రిపోర్టు కంటే ఎక్కువ చెబుతుంది. పూర్తిగా నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమంటారు, తర్వాత నెమ్మదిగా తగ్గిస్తారు, అప్పుడు కూడా రోజు విడిచి రోజు అనరు.

తమ్ముడి మీద కోపం పెట్టుకోవద్దు. దూరంగా ఉన్నవాడికి అక్క కోసం ఏదో చేయాలని ఉంటుంది, నెట్‌లో దొరికింది అదీ. ఇంకో టెస్టుకు డబ్బు పంపుతానంటే, అది మూడు నెలల కౌన్సెలింగ్ ఫీజుకు పంపమనండి. పొద్దున మీకు బాగాలేని వేళ వాడికి అక్కడ సాయంత్రమే కాబట్టి, ఆ టైములో రోజూ ఒకసారి ఫోన్ కూడా చేయమనండి.